రాజ్యం ఒక జాతిదైతే అందులోని మిగతావాళ్ళ మాటేమిటి?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. ఒకటి: ప్రతి జాతికీ సొంత రాజ్యం ఏర్పరచుకునే హక్కు ఉందని ఒప్పుకున్నాక, ఆ రాజ్యంలోని మైనారిటీలు సమాన హక్కులు అడిగితే అది ఆ జాతి హక్కుకు గండి కొట్టినట్టే కదా? రెండు: పోనీ వాళ్ళకీ హక్కులిస్తే, రేపు వాళ్ళలోని ఇంకో గుంపు వచ్చి అడుగుతుంది, అప్పుడిది ఎక్కడ ఆగుతుంది?

ఈ విషయాన్ని చాలా ఏళ్ళు చదివాను, పాఠంగా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఈ రెండు ప్రశ్నలే వచ్చేవి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ రెండు హక్కులకీ వేరు ఒక్కటే. "మా బతుకు ఇంకొకరి దయ మీద ఆధారపడకూడదు" అన్నదే సొంత రాజ్యం అడిగే జాతి వాదం. రాజ్యం వచ్చిన మర్నాడు అక్కడి మైనారిటీలు అనేదీ అక్షరాలా అదే మాట. మొదటివాళ్ళు అన్నప్పుడు న్యాయమైన మాట, రెండోవాళ్ళు అన్నప్పుడు ద్రోహం ఎలా అవుతుంది? రాజ్యాన్ని ఒక జాతి తన పేర రాయించుకున్న ఆస్తిలా చూడటం మొదలుపెట్టినప్పుడే ఈ రెండూ ఢీకొంటాయి.

ముందు మాటల సంగతి. తెలుగులో ఈ చర్చ తొందరగా చిక్కుపడటానికి "జాతి" అనే మాట కూడా కొంత కారణం. భారత జాతి అంటాం, తెలుగు జాతి అంటాం, నల్లజాతి అంటాం. మొదటిది ఒక దేశపు పౌరులందరూ, రెండోది ఒక భాష మాట్లాడేవాళ్ళు, మూడోది పుట్టుకతో వచ్చిన రూపురేఖలు. "జాతి స్వయం నిర్ణయం" అన్నప్పుడు ఇందులో ఏ అర్థంలో అంటున్నామో తేల్చుకోకపోతే వాదన మొదటి మెట్టు దగ్గరే దారి తప్పుతుంది.

అంతర్జాతీయ చట్టం కూడా ఈ ముడి విప్పలేదు. 1966లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో మొదటి అధికరణం ప్రజలందరికీ స్వయం నిర్ణయ హక్కు ఉందంటుంది. అదే ఒడంబడికలో 27వ అధికరణం మైనారిటీలకు తమ భాష, మతం, సంస్కృతి కాపాడుకునే హక్కును నిరాకరించకూడదంటుంది. "ప్రజలు" అంటే ఎవరు, "మైనారిటీ" అంటే ఎవరు అన్నది మాత్రం ఎక్కడా నిర్వచించలేదు. పైగా 27వ అధికరణం "మైనారిటీలు ఉన్న దేశాల్లో" అని మొదలవుతుంది. ఆ ఒక్క మాట పట్టుకుని, తమ దగ్గర మైనారిటీలే లేరు కాబట్టి అది తమకు వర్తించదని ఫ్రాన్స్ చెప్పేసింది.

ఈ చిక్కు మొదటిసారి పెద్ద ఎత్తున బయటపడింది 1919లో. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి సామ్రాజ్యాలు కూలాయి. అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ స్వయం నిర్ణయం గురించి మాట్లాడుతుంటే, ఆయన విదేశాంగ మంత్రి రాబర్ట్ లాన్సింగ్ మాత్రం ఆ మాట నిండా డైనమైట్ ఉందని, తీరని ఆశలు రేపుతుందని తన డైరీలో రాసుకున్నాడు. కొత్త సరిహద్దులు ఎలా గీసినా గీతకు తప్పు వైపున లక్షల మంది మిగిలారు. కొత్త పోలండ్ జనాభాలో దాదాపు మూడో వంతు పోలిష్ వాళ్ళు కారు. చెకొస్లోవేకియాలో 30 లక్షల వరకూ జర్మన్లు ఉండిపోయారు. అందుకని కొత్త దేశాల చేత మైనారిటీ ఒప్పందాల మీద సంతకాలు పెట్టించారు. పోలండ్ 1919 జూన్ 28న, అంటే వెర్సాయ్ సంధి జరిగిన రోజునే, సంతకం చేసింది. భాష, బడి, మతం విషయంలో అన్యాయం జరిగితే నానాజాతి సమితికి (ఐక్యరాజ్యసమితికి ముందున్న సంస్థ) ఫిర్యాదు పెట్టుకోవచ్చు.

ఆలోచన మంచిదే. కానీ గెలిచిన పెద్ద దేశాలు అలాంటి సంతకం ఏదీ పెట్టలేదు. రెండు లక్షలకు పైగా జర్మన్ మాట్లాడే జనమున్న దక్షిణ టైరోల్ అదే ఏడాది ఒప్పందంతో ఆస్ట్రియా నుంచి ఇటలీకి వెళ్ళింది. ఇటలీ మీద మాత్రం ఏ బాధ్యతా పెట్టలేదు. "మాకు మాత్రమే ఈ నిబంధనలేమిటి?" అని పోలండ్ మొదటి నుంచీ గుర్రుగానే ఉండి, 1934లో ఇక సహకరించబోమని ప్రకటించింది. ఆ తర్వాత హిట్లర్ చెకొస్లోవేకియాలోని జర్మన్ల గోడునే సాకుగా చేసుకుని 1938లో ఆ దేశాన్ని చీల్చాడు. యుద్ధం ముగిశాక తూర్పు, మధ్య ఐరోపా నుంచి కోటికి పైగా జర్మన్లను వెళ్ళగొట్టారు. మైనారిటీ హక్కు అనగానే చాలా ప్రభుత్వాలకు ఈనాటికీ పుట్టే టెన్షన్‌కు మూలం ఇక్కడుంది. ఆ భయం ఉత్తిదని నేను అనను. కానీ హిట్లర్ వాడుకున్నాడని ఫిర్యాదే అబద్ధమైపోదు.

బ్రిటిష్ రాజ్యాంగ నిపుణుడు ఐవర్ జెన్నింగ్స్ 1956లో ఒక మాటన్నాడు. ప్రజలే నిర్ణయించుకోవాలి అనడం బాగానే ఉంటుంది, కానీ ఆ ప్రజలు ఎవరో ముందు ఇంకెవరో నిర్ణయిస్తే తప్ప వాళ్ళు ఏదీ నిర్ణయించలేరు అన్నది దాని సారం. దీన్ని అందరూ ఉదహరిస్తారు. నాకు అంతకన్నా ముఖ్యంగా అనిపించేది ఇంకొకటుంది. సిలోన్ (ఇప్పటి శ్రీలంక) రాజ్యాంగ రచనలో, తర్వాత అక్కడి తొలి ప్రధాని అయిన డి.ఎస్. సేనానాయకకు సలహాదారుగా ఉన్నది ఈ జెన్నింగ్సే. ఆ రాజ్యాంగంలో 29వ సెక్షన్ అని ఒకటుండేది. ఒక వర్గానికో మతానికో చెందినవాళ్ళ మీద, మిగతావాళ్ళ మీద లేని ఆంక్షలు పెట్టే చట్టం పార్లమెంటు చేయకూడదని దాని అర్థం. కాగితం మీద ఇంతకన్నా చక్కటి కాపలా ఏముంటుంది? అది ఎలా విఫలమైందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకు జవాబంతా అందులో ఉంది.

1948లో స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే పౌరసత్వ చట్టం తెచ్చారు. అందులో తమిళులన్న మాటే లేదు. తండ్రి సిలోన్‌లో పుట్టినట్టు, లేదా తాత, ముత్తాత అక్కడ పుట్టినట్టు చూపించాలి, అంతే. భారత్ నుంచి వచ్చి తేయాకు తోటల్లో తరాలుగా పనిచేస్తున్న తమిళ కుటుంబాల కూలీ తన తండ్రి పుట్టిన కాగితం ఎక్కడ నుంచి తెస్తాడు? ఏడు లక్షల మందికి పైగా ఏ దేశమూ లేనివాళ్ళయ్యారు. వాళ్ళ ఓట్లూ పోయాయి. 1947 ఎన్నికల్లో ఓటేసి తమవాళ్ళను పార్లమెంటుకు పంపిన మనుషులే వీళ్ళు. కేసు అప్పట్లో సిలోన్‌కు ఆఖరి కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. చట్టం అందరికీ ఒకేలా రాసి ఉంది కాబట్టి ఇందులో వివక్ష లేదని 1953లో తీర్పు వచ్చింది. అలా 29వ సెక్షన్ మొదటి దెబ్బకే ఒరిగిపోయింది.

రెండో దెబ్బ 1956లో పడింది. మెజారిటీ ప్రజల భాష సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేశారు. దీని వెనక ఉన్న బాధ నిజమైనదే. వలస పాలనలో ఇంగ్లీషు రాని సింహళ రైతు బిడ్డకు ప్రభుత్వ ఉద్యోగం కలలోని మాట. తన భాషలో తన ప్రభుత్వంతో మాట్లాడాలన్న కోరికలో తప్పేమీ లేదు. ఆ కోరిక తీరడానికి తమిళుడి భాషను కౌంటరు దగ్గర నుంచి తొలగించనక్కర్లేదు. కానీ జరిగింది అదే. ప్రభుత్వ గుమాస్తాగా పనిచేస్తున్న ఒక తమిళుడు సింహళ పరీక్ష పాసవలేదని 1962లో అతని ఇంక్రిమెంట్ ఆపేశారు. ఏటా జీతంలో కలిసే ఆ చిన్న మొత్తం కోసం అతను కోర్టుకెళ్ళాడు. జిల్లా కోర్టు 1964లో అతని పక్షాన నిలిచి, ఆ భాషా చట్టం 29వ సెక్షన్‌కు విరుద్ధమంది. పైకోర్టు అసలు విషయంలోకే వెళ్ళకుండా, ప్రభుత్వ ఉద్యోగి జీతం కోసం ప్రభుత్వం మీద దావా వేయలేడంటూ కొట్టేసింది. 1969లో ప్రీవీ కౌన్సిల్, దావా వేయవచ్చు, మళ్ళీ విచారించండని వెనక్కి పంపింది. ఆ విచారణ పూర్తి కాకముందే 1972లో కొత్త రాజ్యాంగం వచ్చింది. అందులో బౌద్ధానికి అగ్రస్థానం ఇచ్చారు, 29వ సెక్షన్ మాత్రం లేకుండా పోయింది. మరో నాలుగేళ్ళకు, 1976లో, తమిళ పార్టీలు వట్టుకోట్టైలో కలిసి ప్రత్యేక దేశం కావాలని తీర్మానించాయి.

ఈ వరస ఒకసారి మళ్ళీ చూడండి. ముందు పౌరసత్వం, తర్వాత ఓటు, ఆ తర్వాత ఇంక్రిమెంట్, చివరకు కోర్టు తలుపు. విడిపోవాలన్న మాట వీటన్నిటి తర్వాత వచ్చింది. "మైనారిటీలకు హక్కులిస్తే దేశం చీలుతుంది" అనేవాళ్ళకు నేను చెప్పేది ఈ తేదీల క్రమమే.

అన్ని కేసులూ ఇంత తేలిక కాదు. నాకు చాలాకాలం నిద్రపట్టనివ్వనిది బాల్టిక్ తీరంలోని చిన్న దేశం లాత్వియా. 1935లో అక్కడి జనాభాలో నూటికి 75 మంది లాత్వియన్లు. సోవియట్ ఆక్రమణ, యుద్ధం, దేశ బహిష్కారాలు, వాటితోపాటు పరిశ్రమల కోసం బయటి నుంచి రప్పించిన జనం, ఎక్కువగా రష్యన్లు. ఒక్క 1949 మార్చిలోనే 40 వేలకు పైగా మనుషుల్ని సైబీరియా వైపు రైళ్ళలో ఎక్కించారు. 1989 లెక్కల్లో లాత్వియన్లు 52 శాతం. సొంత గడ్డ మీద సగానికి పడిపోబోతున్న జాతికి భయం ఉండదా? ఆ భాషకు ప్రపంచంలో ఇంకో దేశం లేదు. 1991లో స్వాతంత్ర్యం తిరిగి వచ్చాక, 1940కి ముందు పౌరులైనవాళ్ళకూ వాళ్ళ సంతానానికీ మాత్రమే పౌరసత్వం ఇచ్చారు. దాదాపు 7 లక్షల మంది, అంటే జనాభాలో పావు వంతుకు పైగా, "నాన్-సిటిజన్లు" అయ్యారు. పక్కనున్న ఎస్తోనియాలోనూ ఇలాగే జరిగింది. అక్కడ వీళ్ళకు బూడిదరంగు పాస్‌పోర్టు ఇచ్చారు, వాడుకలో వాళ్ళ పేరే "బూడిద పాస్‌పోర్టు వాళ్ళు" అయిపోయింది. ఆ ఊళ్ళోనే పుట్టి, అక్కడి బడిలోనే చదివిన పిల్లవాడి పాస్‌పోర్టు అట్ట మీద పరదేశి అని రాసి ఉంటే ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఊహించండి.

ఇక్కడ నా తీర్పు రెండు ముక్కలు. ఆక్రమణ కాలంలో వచ్చి స్థిరపడిన పెద్దవాళ్ళను భాష నేర్చుకోమని అడగడం న్యాయమే. అంతరించే ప్రమాదంలో పడిన భాషకు రాజ్యం అండగా నిలవడం వివక్ష కిందికి రాదు. కానీ ఆక్రమణ అన్న మాటకు అర్థమే తెలియని పసిబిడ్డ మీద ఆ లెక్క తేల్చుకోవడం న్యాయం కాదు. లాత్వియా కూడా మెల్లగా అటే కదిలింది. ఐరోపా భద్రతా, సహకార సంస్థ తరఫున మైనారిటీల హైకమిషనర్‌గా ఉన్న మాక్స్ వాన్ డెర్ స్టూల్ ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాస్తూ, వెళ్ళి కూర్చుని మాట్లాడుతూ ఒత్తిడి పెట్టాడు. ఏ వయసువాళ్ళు ఏ ఏడాది పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాలో విధించిన నిబంధనను తీసేయడానికి 1998 రిఫరెండంలో లాత్వియా పౌరులే ఒప్పుకున్నారు. 2020 జనవరి 1 నుంచి నాన్-సిటిజన్లకు పుట్టే పిల్లలకు పౌరసత్వం దానంతటదే వస్తోంది. అంటే ముప్పై ఏళ్ళు పట్టింది. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలయ్యాక ఆ ప్రాంతమంతటా పాత అనుమానాలు మళ్ళీ రాజుకున్నాయి, అది దాచాల్సిన పని లేదు.

ఇజ్రాయెల్ గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్పి ముందుకు వెళతాను. 1948 ప్రకటన దాన్ని యూదు రాజ్యం అంటూనే, మతం, జాతి, లింగ భేదం లేకుండా అక్కడ నివసించేవాళ్ళందరికీ పూర్తి సామాజిక, రాజకీయ సమానత్వం అని మాటిచ్చింది. 2018 జూలైలో 62-55 ఓట్లతో వచ్చిన మౌలిక చట్టం, ఆ దేశంలో జాతీయ స్వయం నిర్ణయ హక్కు యూదు ప్రజలకు మాత్రమే ప్రత్యేకం అంది. అరబిక్‌ను అధికార భాష స్థానం నుంచి "ప్రత్యేక హోదా"కు దించింది. సమానత్వం అన్న మాట అందులో లేదు. పౌరుల్లో ఐదో వంతు అరబ్బులు. ఊచకోత నుంచి బయటపడిన ప్రజలకు ఒక ఆశ్రయం కావాలన్న వాదన నాకు పూర్తిగా అర్థమవుతుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. అయితే జెండా, పండగ, సెలవు రోజు ఒక జాతివి కావడం వేరు. "ఈ దేశం ఎవరిది" అన్న ప్రశ్నకు చట్టమే ఐదో వంతు పౌరుల్ని వదిలేసి జవాబు చెప్పడం వేరు. మొదటిదానితో మైనారిటీలు సర్దుకుని బతకగలరు. రెండోది వాళ్ళను సొంత ఇంట్లో అద్దెకున్నవాళ్ళను చేస్తుంది. (ఆక్రమిత ప్రాంతాల్లోని పాలస్తీనీయులది పౌరసత్వమే లేని పరిస్థితి, అది ఇంకా పెద్ద ప్రశ్న, దాన్ని ఇందులో కలపలేను.)

ఇక మీ రెండో ప్రశ్న, ఇది ఎక్కడ ఆగుతుందన్నది. ఈ ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే అణచివేతకు గురైన గుంపు తన గీత తాను గీసుకున్న మరుక్షణం తన కింద ఇంకొకరిని అణచగలదు. 1990 అక్టోబరులో తమిళుల ప్రత్యేక దేశం కోసం పోరాడుతున్న సాయుధ సంస్థ ఎల్‌టీటీఈ శ్రీలంక ఉత్తర ప్రాంతం నుంచి 70 వేల మందికి పైగా ముస్లింలను వెళ్ళగొట్టింది. జాఫ్నాలో ఇచ్చిన గడువు రెండు గంటలు. వాళ్ళు మాట్లాడేదీ తమిళమే. మైనారిటీ అనేది ఒక జనం స్వభావం కాదని, గీత ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి వచ్చే స్థితి అని నేను నమ్మడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

కెనడాలో ఇదే ప్రశ్నను ఓటుతో అడిగారు. 1995 అక్టోబరు 30న, ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ళు ఎక్కువగా ఉన్న క్యూబెక్ రాష్ట్రం విడిపోవాలా అన్న రిఫరెండంలో "వద్దు" 50.58 శాతంతో గట్టెక్కింది. దానికి ఆరు రోజుల ముందు, ఉత్తర క్యూబెక్‌లోని క్రీ ఆదివాసులు తమ రిఫరెండం తాము పెట్టుకుని, తమ సమ్మతి లేకుండా తమను కెనడా నుంచి విడదీయవద్దని 96 శాతానికి పైగా ఓట్లతో చెప్పారు. కెనడాను విడదీయవచ్చంటే క్యూబెక్‌ను ఎందుకు విడదీయకూడదు? 1998లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది నాకు సబబుగా అనిపిస్తుంది: ఒక రాష్ట్రం తనంతట తాను విడిపోయే హక్కు లేదు, కానీ స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ అవునంటే మిగతా దేశం కూర్చుని మాట్లాడాల్సిందే, ఆ మాటల్లో మైనారిటీల రక్షణ కూడా ఒక అంశమే.

ఆగే చోటును వెతికిన మొదటి పెద్ద కేసు ఆలండ్ దీవులది. స్వీడిష్ మాట్లాడే ఆ దీవులవాళ్ళు ఫిన్లాండ్ స్వతంత్రమయ్యే సమయంలో స్వీడన్‌లో కలుస్తామన్నారు. నానాజాతి సమితి 1921లో దీవులు ఫిన్లాండ్‌వే అని తేల్చి, వాళ్ళ భాషకూ భూమికీ స్వపరిపాలనకూ గట్టి హామీలు ఇప్పించింది. విచారించిన బృందం చెప్పిన సూత్రం ఇది: విడిపోవడం చివరి మార్గం, ఆ దేశానికి న్యాయమైన రక్షణ ఇచ్చే మనసో శక్తో లేనప్పుడు మాత్రమే దాన్ని పరిశీలించాలి. అంటే దేశ సమగ్రత కోరే ప్రభుత్వం చేతిలోనే తాళంచెవి ఉంది. ఇవ్వాల్సింది ఇస్తే గీత నిలబడుతుంది. ఆలండ్‌లో వందేళ్ళుగా నిలబడింది. దానికీ ఒక ధర ఉంది: అక్కడ భూమి కొనాలన్నా, దీవుల సభకు ఓటెయ్యాలన్నా స్థానిక హక్కు కావాలి, దానికి స్వీడిష్ తెలిసి ఉండాలి. సొంత దేశంలోనే ఫిన్నిష్ మాట్లాడే పౌరుడు అక్కడ మైనారిటీ.

చివరగా, ఇందాక ఏ హామీ లేకుండా ఇటలీకి వెళ్ళిన దక్షిణ టైరోల్ ఏమైందో చెప్పాలి. ముసోలినీ కాలంలో జర్మన్ బడులు మూసేశారు, పిల్లలకు ఇళ్ళలో దొంగచాటుగా అక్షరాలు దిద్దించారు. 1939లో హిట్లర్, ముసోలినీ కలిసి "భాష కావాలంటే జర్మనీ వెళ్ళండి, ఊరు కావాలంటే భాష వదలండి" అన్నట్టు తేల్చుకోమన్నారు. యుద్ధం తర్వాత 1946లో స్వయంప్రతిపత్తి అని ఒప్పందం రాసుకున్నారు, కానీ ఆ జిల్లాను ఇటాలియన్ మెజారిటీ ఉన్న పెద్ద ప్రాంతంలో కలిపేశారు. ఆస్ట్రియా 1960లో విషయాన్ని ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్ళింది. 1961 జూన్‌లో ఒకే రాత్రి కరెంటు టవర్లు డజన్ల కొద్దీ పేల్చేశారు. అసలైన స్వయంప్రతిపత్తి 1972లో వచ్చింది, వివాదం ముగిసిందని ఆస్ట్రియా 1992లో ప్రకటించింది.

అక్కడ ప్రభుత్వ ఉద్యోగాలు జర్మన్, ఇటాలియన్, లదీన్ (ఆ కొండ ప్రాంతపు చిన్న భాష) భాషల జనాభా లెక్కన పంచుతారు. కౌంటరు వెనక కూర్చోవాలంటే గుమాస్తా జర్మన్, ఇటాలియన్ రెండూ వచ్చని పరీక్ష పాసవ్వాలి. సిలోన్‌లోనూ ఒక గుమాస్తాకు భాషా పరీక్షే పెట్టారు. కానీ ఇక్కడ ఆ పరీక్ష ఇటాలియన్‌కూ ఉంది, జర్మన్‌కూ ఉంది. ఎవరు కౌంటరు ముందుకొచ్చినా తన భాషలో మాట్లాడవచ్చు. అందుకే ఈ పద్ధతిని నేను సమర్థిస్తాను.

దానికీ మచ్చ లేదనను. ఎవరు ఏ భాషా వర్గమో కాగితం మీద ప్రకటించాలి. అలెగ్జాండర్ లాంగర్ అనే దక్షిణ టైరోల్ నాయకుడు మనుషుల్ని ఇలా గడుల్లో పెట్టకండని 1981 జనాభా లెక్కల్లో ఆ ప్రకటన ఇవ్వడానికి ఒప్పుకోలేదు. యూరోపియన్ పార్లమెంటు సభ్యుడిగా పనిచేసిన ఆ మనిషి 1995లో అక్కడి ముఖ్య పట్టణం బోల్జానో మేయర్ పదవికి పోటీ చేద్దామనుకుంటే, ఆ ప్రకటన లేదన్న కారణంతోనే పోటీ చేయనివ్వలేదు. ఉద్యోగాల పంపకానికి ఆ లెక్క కావాలంటే ఒప్పుకుంటాను. పోటీ చేసే హక్కుకు దాన్ని అడ్డం పెట్టడాన్ని మాత్రం ఒప్పుకోలేను.